కట్టమ్మ నెమరు

హసన్‌పర్తిలో మొగిలి ఇంట్లో అందరికన్నా ముందు లేచేది అతని పెళ్ళాం కట్టమ్మ. కొట్టం ఊడ్చి, ఆవుకు కుడితి పెట్టి, ఇంత గడ్డి వేశాకే పొయ్యి ముట్టించేది. డెబ్బై రెండులో వానలు పడలేదు. చెరువు నెర్రెలు బారింది. కుండలో జొన్న గట్క అడుగంటింది. కట్టమ్మ తన వంతు గట్క కూతురు చిలుకమ్మకు పెట్టి, తను ఆవు పక్కన కూచుని ఎండుగడ్డి నమిలేది.

మొదట్లో నమిలి ఊసేసేది. తర్వాత మింగడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం ఆవు పడుకుని నెమరేస్తుంటే కట్టమ్మ గొంతులోకి కూడా మెత్తబడిన ముద్ద ఒకటి పైకొచ్చింది. దాన్ని నింపాదిగా నమిలి మళ్ళీ మింగింది. ఎడమ డొక్కలో ఏదో వెచ్చగా కదిలింది. ఆకలి తీరింది.

అత్త సమ్మమ్మ గడపలోంచి చూసింది.

"నెమరు వడ్డదా బిడ్డా?"

"వడ్డదత్తా."

"మంచిగాయె. పొల్ల కడుపు నిండుతది."

ఊరూ అదే మాట అంది. పొరుగింటి రాజక్క ఎక్కడన్నా గరిక దొరికితే కట్టమ్మ కోసం కోసుకొచ్చేది.

ఎండాకాలం వచ్చేసరికి గడ్డివామి కూడా కరిగిపోయింది. మిగిలిన కాస్త గడ్డి ఆవుకూ కట్టమ్మకూ సరిపోదు. మొగిలి ఆవు పలుపు విప్పి అంగడికి తోలుకుపోయాడు. ఆవు కనుమరుగయ్యేదాకా చూసి, కట్టమ్మ ఖాళీ అయిన చోట పడుకుంది. ఆ రోజు ఆమెకు నెమరు రాలేదు.

మరుసటి ఏడు వాన కురిసింది. కోతలయ్యాక ఇంట్లో కొత్త బియ్యం ఉడికాయి. అందరూ తింటున్నారు. కట్టమ్మ మాత్రం కొట్టంలో గడ్డి ముందు కూచుంది. మొగిలి కంచం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్క బుక్క తినే."

"నాకు వడదు. కల్లంల వడి వడ్లు మెక్కిన గొడ్డు బతుకుతదా?"

"నువ్వు గొడ్డువా?"

కట్టమ్మ ఇంకో పిడికెడు గడ్డి నోట్లో పెట్టుకుంది.

"నేను బువ్వ తింటాంటె నువ్వు గడ్డి నములుడు సూడలేకపోతాన కట్టమ్మా," అన్నాడు మొగిలి.

ఆమెకు అన్నం వాసన తగిలింది. మొగుడి మొహం చూసి నోరు తెరిచింది. అతను ఆశగా పెడుతూ పోయాడు. ఆమె కాదనకుండా కంచం ఖాళీ అయ్యేదాకా తింది.

తెల్లారేసరికి ఆమె ఎడమ డొక్క తప్పెటలా బిగుసుకుపోయింది. పశువుల దవాఖాన నుంచి డాక్టర్ సారంగపాణి వచ్చి, డొక్క మీద పిడికిలి అదిమి చూశాడు.

"నెమరు ఎప్పుడు ఆగింది?"

"బువ్వ తిన్నకాన్నుంచి," అంది సమ్మమ్మ.

అతను నూనె తాపించాడు. డొక్క మర్దన చేయించాడు. చివరికి సంచీ సర్దుకుంటూ, "దగ్గరే ఉండండి," అని మాత్రం అన్నాడు.

మొగిలి ఆమె డొక్కకు చెవి ఆనించాడు.

"జర నెమరెయ్యే. ఒక్కపారి."

కట్టమ్మ అతని జుట్టులో వేళ్ళు పెట్టి కాసేపు నిమిరింది. తర్వాత ఆ చెయ్యి ఆగిపోయింది.

పొద్దుగూకుతుండగా సమ్మమ్మ వచ్చి కొడుకు భుజం పట్టుకుంది.

"లే బిడ్డా."

"ఆగవే అవ్వా, ఇనబడతలేదు," అన్నాడు మొగిలి, చెవి తీయకుండానే.