అమ్ముడుపోయిన మంచం

కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని లింగస్వామి తిట్లు సిద్ధం చేసుకుంటున్నాడు. నలభై తొమ్మిదేళ్లొచ్చినా ఒకరి గడప ఎక్కి గొడవ పెట్టుకున్న మనిషి కాడు. సూర్యాపేటలో ఒక కాలేజీలో అటెండరు. గంట కొట్టడం, తాళాలు వేయడం, పిలిస్తే పలకడం అతని పని. అందుకే తిట్లు కూడా ముందే వరసలో పెట్టుకోవాల్సి వచ్చింది. ‘మీ ఇంట్ల ఆడోళ్లు లేరా?’ అన్నది మొదటిది. ‘వేలం నా పేర ఖాయమైనంక ఎనక్కెట్ల పోతరు?’ రెండోది. మూడోదేమిటో మునగాల దాటేసరికి మరిచిపోయాడు.

నెల కింద అతని భార్య నాగమణికి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ముద్దగానైనా వస్తోంది. మింగడమే సరిగ్గా రావడం లేదు. దవాఖాన నుంచి పంపేటప్పుడు డాక్టరు ఒక్కటే గట్టిగా చెప్పాడు: తినిపించేటప్పుడూ, తిన్నాక గంటసేపూ తల, వీపు ఎత్తులో ఉండాలి. లేకపోతే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇప్పటికే ఒకసారి పోయింది, మళ్లీ పోతే మనిషి దక్కడం కష్టం.

ఇంట్లో ఉన్నది నవారు మంచం. దిండ్లు, చుట్టిన పరుపు, బియ్యం బస్తా, ఏది ఆనించినా నాగమణి ఎడమ పక్కకు ఒరిగి జారిపోతుంది. పిడి తిప్పితే తలవైపు పైకి లేచే ఇనుప మంచం కావాలి. కొత్తది అతని జీతానికి అందేది కాదు. కిరాయికిచ్చే కొట్టులో ఉన్నవన్నీ ఎవరెవరి ఇళ్లలోనో ఉన్నాయి, ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నారు. ఇక మిగిలింది ఫోనులో పాత సామాన్లు వేలం వేసే యాప్.

మొదట మిర్యాలగూడ మంచం దొరికింది. వేలం గెలిచిన మర్నాడే అమ్మేవాడు ‘వేరేటోళ్లు ఎక్కువిస్తమన్నరు’ అని ఒక్క ముక్క చెప్పి నంబరు బ్లాక్ చేశాడు. రెండోది కోదాడది. అదీ గెలిచాడు. అమ్మేవాడు మహేందర్ ఇంటి అడ్రసు కూడా పంపి, ‘ఎల్లుండి రండన్నా’ అన్నాడు. తర్వాత ‘ఇంకో రెండు రోజులు’ అన్నాడు. ఆ తర్వాత ఫోనెత్తలేదు. నిన్న యాప్‌లో కనబడింది: అమ్మకందారు విరమించుకున్నారు. కారణం: వస్తువు అందుబాటులో లేదు. ఫిర్యాదు పెడితే, మీ సొమ్ము మీకు చేరింది కనుక సమస్య పరిష్కారమైంది అని జవాబొచ్చింది.

అది చదివినప్పుడు అతనికి కలిగింది కోపం కాదు. చిన్నప్పుడు బడిలో పలకలు పంచుతూ, తన దగ్గరికొచ్చేసరికి అయిపోయాయన్నారు. చాచిన చేతులు ఎప్పుడు దించాలో ఆ రోజు అతనికి తెలియలేదు. నిన్నా తెలియలేదు. కోపం తర్వాత, తెచ్చుకుంటే వచ్చింది. అది చల్లారకముందే కోదాడ చేరాలని బస్సెక్కాడు.

తలుపు తీసింది మహేందరే. ముప్పై అయిదేళ్లుంటాయి. భుజం మీద తడి తువ్వాలు.

“సూర్యాపేట లింగస్వామిని. మంచం…”

“అయ్యో, ఇంత దూరం ఎందుకొచ్చారన్నా! క్యాన్సిల్ చేశాను కదా.”

“వస్తువు లేదని రాసినవ్. ఎవలికి అమ్మినవ్?”

“ఎవరికీ అమ్మలేదన్నా.”

“మరి యాడికి పోయింది? నడిచి పోయిందా?”

మహేందర్ గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

ముందు గదిలోనే ఉంది మంచం. ఫొటోలో చూసిందే. కాళ్ల దగ్గర రంగు పోయిన మచ్చ కూడా అదే. దాని మీద వీపు ఆనించి ఒక ముసలాయన ఇడ్లీ తింటున్నాడు.

“మా నాయన, సోమయ్య,” అన్నాడు మహేందర్ గొంతు తగ్గించి. “ఆస్పత్రిలో చేతులెత్తేశారు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు, రెండ్రోజులన్నారు. చుట్టాలందరికీ చెప్పాం. దినాలకి వంటాయనతో కూడా మాట్లాడిపెట్టాం. ఆ కంగారులోనే తప్పుజేసి యాప్‌లో పెట్టేశానన్నా. ఇంటికొచ్చిన మూడోనాడు జావ అడిగాడు. ఐదోనాడు ఇడ్లీ. క్యాన్సిల్‌కి కారణం నొక్కమంటే అందులో ఐదే ఉన్నాయి. నాయన బతికాడన్నది లేదు.”

“ఎవర్రా?” అన్నాడు సోమయ్య.

“ఫ్రెండ్, నాయనా.”

“ఫ్రెండయితే మంచం కాళ్ల దిక్కు ఎందుకు సూస్తుండు? నలభై ఏండ్లు సంతల పశువుల బేరాలు జేసినోణ్ణి, కొనేటోని సూపు నాకు తెల్వదా?” లింగస్వామి వైపు తిరిగాడు. “ఏం బిడ్డా, మంచానికొచ్చినవా?”

“లేదు పెద్దయ్యా, ఊకెనే…”

“ఎవలికి?”

ఆ అడగడంలో అబద్ధానికి చోటు లేదు. “నా భార్యకు. పక్షవాతం.”

“మింగుతదా?”

“కూసోబెడితేనే.”

సోమయ్య నమలడం ఆపాడు. చేతిలోని ఇడ్లీ ముక్క ప్లేటులో పెట్టి కొడుకును చూశాడు. “అమ్మినవా రా?”

“క్యాన్సిల్ చేశాను నాయనా.”

“క్యాన్సిలేందిరా! తువ్వాల కింద వేళ్లు వట్టి బేరం ఒప్పుకున్నంక క్యాన్సిలుంటదా? బేరమైన ఎద్దు మన కొట్టంల కట్టేసున్నా మనది గాదు. కొన్నోణ్ణి అడగకుంట కాడి కిందికి తేవొద్దు. దించు నన్ను. కింద చాపెయ్యి. మంచం ఆటోల ఎక్కియ్యి.”

అంటూనే దుప్పటి తోసేసి కాలు నేల మీద పెట్టబోయాడు. పుల్లల్లా సన్నబడ్డ ఆ కాళ్లను చూసి లింగస్వామి తనకు తెలియకుండానే రెండడుగులు ముందుకేసి ఆయన్ను పట్టుకున్నాడు. నాగమణిని పట్టుకునే తీరులోనే, చంక కింద చెయ్యి పెట్టి, బరువు తన వైపు తీసుకుని.

“ఇప్పుడొద్దు పెద్దయ్యా.”

“మరెప్పుడు?”

ఆ ప్రశ్నకు జవాబు గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. లింగస్వామి తల దించుకున్నాడు.

సోమయ్య నవ్వాడు. “నోట్ల మాట నోట్లనే వెట్టుకున్నవ్. మంచోనివి. అరేయ్, ఆ తిప్పే పిడి ఊడదీసి ఈయన చేతుల వెట్టు. బయానా మనం తీసుకోలె. మనమే ఇస్తున్నమనుకో.”

“వద్దు పెద్దయ్యా…”

“తీసుకోండన్నా,” అన్నాడు మహేందర్ చెవి దగ్గర. “లేకుంటే మందు మింగడు.”

తిరుగు బస్సులో ఇనుప పిడి అతని ఒళ్లో సంచిలో ఉంది. వచ్చేటప్పుడు సోమయ్య అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అప్పుడు తన వేళ్లు ఆయన మణికట్టు మీద నాడి ఎక్కడుందో వెతుక్కున్నాయి. నెల రోజులుగా నాగమణి నాడి చూసి అలవాటైన వేళ్లు. నాడి గట్టిగా, వరసగా కొట్టుకుంటోంది. అది తెలిసిన క్షణంలో లోపల ఏదో కుంగింది. ఆ కుంగడాన్ని అతను స్పష్టంగా చూశాడు. చూడకపోయి ఉంటే బాగుండేది. మిర్యాలగూడవాడు తనకు చేసింది చిన్న అన్యాయం, దాన్ని తిట్టుకుని మరిచిపోవచ్చు. ఇక్కడ తిట్టడానికి ఎవరూ లేరు. కొట్లాటకు పోయినవాడు ఒక ముసలాయన ఎప్పుడు పోతాడా అని ఎదురుచూసేవాడై తిరిగొస్తున్నాడు.

ఐదు రోజులు గడిచాయి. యాప్‌లో మరో మంచం రాలేదు. అతను కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. గోడకానుకుని తను కూర్చుంటాడు, నాగమణిని తన ఛాతీకి ఆనించుకుంటాడు, జావ పట్టి, గంటసేపు కదలకుండా ఉంటాడు. సెలవులు రేపటితో ఖతం. సోమవారం నుంచి పగటిపూట ఆమెను ఇలా ఎవరు పట్టుకుంటారో తెలియదు.

శనివారం సాయంత్రం జావ సగంలో ఉండగా ఫోను మోగింది. మహేందర్. ఆ పేరు చూడగానే చెంచా గిన్నెలో పెట్టేశాడు. తనకు కలిగింది భయమో, ఆశో తేల్చుకునే ధైర్యం లేక వెంటనే స్పీకరు నొక్కాడు.

“అన్నా, నాయన మాట్లాడతాడంట. పిడి లేదు కదా, ఐదు రోజుల నుంచి అట్లా వీపెత్తులోనే నిద్రపోతున్నాడు. పానా పెట్టి తిప్పి మంచం దించుతానంటే ముట్టుకోనివ్వట్లేదు, మిమ్మల్ని అడగాలంట.”

“లింగసామీ!” సోమయ్య గొంతు. “మంచం నీది. నడుము గుంజుతుంది, జర దించుకోనా?”

“దించుకో పెద్దయ్యా. నన్నడుగుడేంది?”

“అడగాలె బిడ్డా. ఇంకో మాట. ఆలిస్యం జేస్తున్ననని ఏమనుకోకు. తిన్న ఇడ్లీ అరుగుతనే ఉంది, నేనేం జెయ్యాలె?” నవ్వాడు, దగ్గాడు. తర్వాత గొంతు మారింది. “నిజం జెప్పు. తొందరున్నదా నీకు?”

నాగమణి బరువంతా లింగస్వామి ఛాతీ మీద ఉంది. అతని ఎడమ కాలు ఎప్పుడో తిమ్మిరెక్కింది. చెంచా గిన్నెలో ఉంది. ఆమె కూడా వింటోంది, ఊపిరి బట్టి తెలుస్తోంది.

“తొందరేం లేదు పెద్దయ్యా,” అన్నాడు. “నిమ్మళంగ పండుకో.”

అవతల ఫోను పెట్టేశారు. ఈ తీరులో కూర్చుంటే నాగమణి ముఖం అతనికి ఎప్పుడూ కనబడదు. ఆమె నాలుక కూడదీసుకుంది.

“మంచం… వస్తదా?”

“వస్తది.”

“ఎప్పుడు?”

అతను చెంచాతో జావ తీసి ఆమె నోట్లో పోశాడు. ఎప్పటిలాగే రెండు వేళ్లు గొంతు మీద ఆనించి, మింగిందా అని చూశాడు. ఇంకా మింగలేదు. వేళ్లు అక్కడే ఉంచి ఆగాడు.