సంతకం లేని తాకట్టు

అక్క ఏ కాగితం మీదా సంతకం పెట్టి ఎరగదు. రాయడం రాక కాదు. కన్నుమూసే ముందు తండ్రి ఆమె చేయి పట్టుకుని, "ఎవరెన్ని చెప్పినా సంతకం మాత్రం పెట్టకు తల్లీ. నీకూ తమ్ముడికీ ఈ ఇల్లొక్కటే" అన్నాడు. ఆ మాటే ఆమెకు చట్టం.

అందుకే తమ్ముడు ఇనుము చెక్కే లేతు మిషను వాయిదాల మీద తీసుకుంటానని, అక్క పేరనున్న ఇంటి దస్తావేజులు కావాలని అడిగినప్పుడు, కుట్టుమిషను తొక్కుతూనే తేల్చేసింది.

"సంతకమంటే మాత్రం నన్ను పిలవకు."

"అడగరక్కా. నీ చేత్తో ఇస్తే చాలంట."

మిషన్లమ్మే కంపెనీ మేనేజరూ అదే అన్నాడు. "ఒప్పందం మీద సంతకం మీ తమ్ముడిది. ఆఖరి వాయిదా కట్టేదాకా మిషను మాది, వాడుకునేది అతను. దానికి హామీగా దస్తావేజులు మా దగ్గరుంటాయి. ఇష్టపడే ఇస్తున్నారా అమ్మా?"

"నా తమ్ముడికి కాకపోతే ఇంకెవరికిస్తాను?" అంటూ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

బయటికొచ్చాక ఆమెకు నవ్వొచ్చింది. "ఇంతేనా! జాకెట్టుకు కొలతలివ్వడానికే ఇంతకంటే ఎక్కువ సేపు పడుతుంది కదరా!"

తమ్ముడు నవ్వలేదు. ఎండకేమోననుకుంది.

ఏడాది తిరిగేసరికి, తమ్ముడికి పని ఇచ్చే ఫ్యాక్టరీ మూతపడింది. వాయిదాలు ఆగాయి. కంపెనీ మనుషులొచ్చి మిషను విప్పి లారీకెక్కించారు. షెడ్డులో నేలకు బిగించిన బోల్టులు మాత్రం మిగిలాయి. తమ్ముడు వాటి పక్కనే కూలబడ్డాడు.

"పోతే పోయింది వెధవ మిషను! వాళ్లది వాళ్లు పట్టుకుపోయారు. లే, మన దస్తావేజులు మనం తెచ్చుకుందాం" అంది అక్క.

కంపెనీ ఆఫీసులో మేనేజరు కుర్చీ చూపించాడు. అక్క కూర్చోలేదు.

"వాడిన మిషను కదమ్మా, అమ్మితే బాకీలో సగం కూడా తీరలేదు. మిగిలింది మీ ఇంటి మీద ఉంది."

"ఇంటి మీదెలా ఉంటుంది? నేనెక్కడా సంతకమే పెట్టలేదు!"

"అక్కర్లేదమ్మా. బాకీకి హామీగా మీ చేత్తో దస్తావేజులిచ్చారు. తాకట్టంటే అదే. వాయిదాలు మళ్లీ మొదలుపెడితే ఇంటి జోలికి రాం. ఇదంతా మీ తమ్ముడికి ముందే చెప్పాను."

అక్క వెనక్కి తిరిగి చూసింది. తమ్ముడు గోళ్లలో ఎప్పుడో ఇరుక్కున్న గ్రీజును గిల్లుకుంటున్నాడు.

ఇద్దరూ ఇంటికొచ్చారు. గడపలోనే అతను ఆగిపోయాడు.

"చెబితే ఇవ్వవేమోనని భయపడ్డానక్కా."

"ఇచ్చేదాన్నిరా." ఆమె గడప దాటి వెనక్కి తిరిగింది. "తెలిసి ఇచ్చేదాన్ని. అదొక్కటీ నాకు లేకుండా చేశావు."

ఆమె చాలాసేపు ముందుగదినే చూస్తూ నిలబడింది. వీధి వైపు తలుపు, కిటికీ వెలుతురు, ఆ వెలుతురులో కుట్టుమిషను. తర్వాత మెడలోని కొలత టేపు తీసి, ఒక కొస అతని ముందుకు చాపింది.

"ఆ గోడకు ఆనించి పట్టుకో. ఇక్కడ అడ్డుగోడ కడితే ముందు భాగం కొట్టుకి అద్దెకివ్వొచ్చు. ఆ అద్దె వాళ్ల వాయిదాకి."

"మరి నువ్వెక్కడ కుడతావు?"

"వంటింట్లో. సరిగ్గా పట్టుకో, టేపు వదులవుతోంది."