చెవి పరీక్ష పాసైన ఫోన్లు

మా గిడ్డంగికి పాత ఫోన్లు బస్తాల్లో వస్తాయి. పనికిరానివాటిని విప్పి రాగి ఒకవైపు, బ్యాటరీలు ఒకవైపు వేస్తారు. బాగుపడేవాటిని బాగుచేసి మళ్ళీ అమ్ముతారు. అమ్మేముందు ప్రతి ఫోనూ నా బల్ల మీదికి రావాలి. నాకు చిన్నప్పటి నుంచీ చెవుడు. గిడ్డంగిలో అందరికీ చెవులున్నాయి గానీ, చెవి మిషను నాకొక్కడికే ఉంది. ఆ అర్హత మీదే కుర్చీ ఇచ్చి, చెవుల మాస్టారు అని పేరు కూడా పెట్టారు.

కొన్ని ఫోన్లు చెవి మిషను దగ్గరికి రాగానే గుయ్‌మని మోత పెడతాయి. ఆ మోతలో అవతలి మనిషి మాట కొట్టుకుపోతుంది. ముందుగదిలోని రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసి పేపరు చదువుతూ ఉంటే వినడమే నా ఉద్యోగం. మాట తెలిస్తే ఫోను వెనక "చెవి మిషనుతో పనిచేస్తుంది" అనే చీటీ అంటించి సంతకం పెడతాను. మోత పెడితే పక్కన పడేస్తాను. పదింటిలో నాలుగు పక్కకే పోయేవి. మూడేళ్ళు ఇలా చెవుడు మీద దర్జాగా బతికాను.

మా మేనేజరుగారు దయగల మనిషి. దాంతోనే వచ్చింది తంటా. పదేళ్ళనాటి మిషనుతో అవస్థ పడుతున్నానని నా మీద జాలిపడ్డారు. ఒకరోజు అందరినీ నిలబెట్టి, నాకో కొత్త మిషను బహూకరించి, చప్పట్లు కొట్టించి, ఫొటో తీయించారు. పాతదాన్ని స్వయంగా తుక్కు డబ్బాలో వేశారు. మనది రీసైక్లింగు సంస్థ కదా అన్నారు.

మర్నాటి నుంచి ఒక్క ఫోనూ మోత పెట్టలేదు. అన్నీ ఒక్కసారిగా బుద్ధిమంతులయ్యాయని రెండు రోజులు నమ్మాను. మూడోరోజు, ఎప్పుడూ గోల పెట్టే రకం ఫోను ఒకటి చేతికొచ్చింది. అదీ నోరెత్తలేదు. అప్పుడర్థమైంది, కొత్త మిషను ఏ మోతనీ దగ్గరికి రానివ్వదని. ఆ సంగతి బయటపెడితే నా కుర్చీ పోతుంది. నోరు మూసుకుని సంతకాలు పెట్టాను. వందకు వంద పాసు. "చూశారా మాస్టారూ, మన పనితనం ఎంత పెరిగిందో," అని మేనేజరుగారు మురిసిపోయారు. సిగ్గు లేకుండా నేనూ తలూపాను.

నెల తిరక్కుండా మా అక్క ఇంటికొచ్చింది. చెవుడు మా ఇద్దరికీ నాన్న సమానంగా పంచిన ఆస్తి. ఆవిడ చేతిలో కొత్తగా కొన్న ఫోను, దాని వెనక నా చీటీ.

"ఒరే, ఇందులో గుయ్‌మని తప్ప ఏమీ వినిపించట్లేదు. నీ సంతకం చూసే కొన్నాను. నా మిషనేమైనా పాడైందేమో చూడు," అంది.

నా మనసు చివుక్కుమంది. సంతకాన్ని నమ్మి తన చెవిని అనుమానించిందీ పిచ్చిది.

"నీ మిషను బాగానే ఉందక్కా. పాడైంది నేనే," అని జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా.

నాకు గుయ్‌మనేది కావాలి, ఆవిడకి గుయ్‌మననిది కావాలి. మర్నాడు చెవుల డాక్టరు దగ్గర మిషన్లు మార్చుకుని, ఎవరి చెవికి తగ్గట్టు వాళ్ళం సరిచేయించుకున్నాం. అక్క పాత మిషనుతో బల్ల దగ్గర కూర్చున్నాను. మొదటి ఫోనే గుయ్‌మంది. ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి పదింటిలో నాలుగు మళ్ళీ పక్కన పడ్డాయి.

మేనేజరుగారు ఆ కుప్ప చూసి బిక్కమొహం వేశారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇదివరకు అమ్మినవి కూడా వెనక్కి తెప్పించాలన్నాను. ఆయన బాధగా నా భుజం తట్టారు.

"అంత మంచి మిషను చేతికిచ్చినా మీకు వినిపించట్లేదంటే, ఇక ఈ పని మీ వల్ల కాదులెండి," అన్నారు.

శుభ్రమైన చెవులున్న మనిషి కావాలని రిసెప్షన్ అమ్మాయిని నా కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ అమ్మాయికి అన్ని ఫోన్లూ వినిపిస్తాయి. నన్ను మరలు విప్పే బల్లకు పంపారు.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది. నా సొంత ఫోను మోత పెట్టదు, మూడేళ్ళలో ఏరి తెచ్చుకున్నది.

"పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉందిరా. ఉద్యోగం ఎలా ఉంది?" అంది.

"బాగానే ఉందక్కా. మళ్ళీ మామూలే," అన్నాను.

"అబద్ధం చెప్పకు," అంది. "ఇప్పుడు నాకు నీ గొంతు వినిపిస్తోంది."