గడియ తీశావా

హాలోవీన్‌కి టర్నిప్ గడ్డని దీపంగా తొలవడం ఎంత చాకిరీయో తొలిచినవాళ్ళకే తెలుస్తుంది. లోర్నాకి నలభై ఒకటో ఏట గాని తెలియలేదు. మధ్యాహ్నం రెండింటికి మొదలెట్టి, రెండు చెంచాలు వంచి, అరచేతులు బొబ్బలెక్కించుకుని, నాలుగింటికి దానికి ఒక కన్నూ సగం నోరూ తెరిపించింది.

"గుమ్మడికాయ కొనుక్కోవే పిచ్చిదానా," అంది బ్రోనా. ముసలివాళ్ళ ఆశ్రమం లాండ్రీలో ఇద్దరూ పదేళ్ళుగా కలిసి దుప్పట్లు ఉతుకుతున్నారు. "టర్నిప్ ఎవరు చెక్కుతున్నారిప్పుడు? మా అమ్మమ్మే మానేసింది."

"పాత పద్ధతి ఇదే. కరపత్రంలో ఉంది."

బ్రోనా పొట్ట పట్టుకుని నవ్వింది. లోర్నాకి హాలోవీన్ గురించి తెలిసిందంతా ఆ కరపత్రం పుణ్యమే మరి. ఊరి చివర రేకుల కప్పు కింద నడిచే, కట్టుబాట్లెక్కువున్న ఒక క్రైస్తవ సభలో పుట్టి పెరిగింది ఆమె. ఆ సభవాళ్ళకి టీవీ లేదు, క్రిస్మస్ లేదు, పుట్టినరోజు కేకు లేదు. హాలోవీన్ మాట సరేసరి, అది సాక్షాత్తూ సైతాను పెళ్ళి. ఏటా అక్టోబరులో పిల్లల్ని బల్ల చుట్టూ కూచోబెట్టి, 'ఈ పండగ వెనక ఎవరున్నారు?' అన్న కరపత్రాలు రెండువేలు మడత పెట్టించేవాళ్ళు. ఏడో ఏట నించి ముప్పై అయిదో ఏట దాకా లోర్నా మడిచింది. అందుకే పండగ చేసుకునేవాళ్ళకంటే చేసుకోనిదానికే ఎక్కువ తెలుసు. అన్యులు కొండల మీద మంటలు వేసేవాళ్ళనీ, ఆ మంటల మధ్య నించి పశువుల్ని తోలేవాళ్ళనీ, ఆ రాత్రి చచ్చినవాళ్ళు ఇళ్ళకొస్తారని కంచంలో తిండి పెట్టి ఉంచేవాళ్ళనీ తెలుసు. వచ్చిన చచ్చినవాళ్ళు తమని పోల్చుకోకుండా ముఖానికి ముసుగులు వేసుకునేవాళ్ళనీ తెలుసు. ఇదంతా సామ్ హేన్ అనే మృత్యుదేవుడి కోసమని కూడా కరపత్రం రాసింది. చిన్నప్పుడు ఆ సామ్ హేన్ ఆమె కలల్లోకి వచ్చేవాడు. పశువుల బేరగాడిలాగా పొడుగు కోటు, మాసిన టోపీ.

రెండేళ్ళ క్రితం ఈ సంగతి లాండ్రీలో చెబితే బ్రోనా వాషింగ్ మెషిన్ మీద వాలిపోయి నవ్వింది.

"సామ్ హేన్ ఏంటే! అది 'సౌన్' అని పలకాలి తల్లీ. దేవుడూ కాదు, దెయ్యమూ కాదు. మా ఐరిష్‌లో నెల పేరది. నవంబరు! మా బళ్ళో క్యాలెండరు మీద రాసి ఉండేది. మీవాళ్ళు నిన్ను నవంబరుతో భయపెట్టారే!"

లోర్నా కూడా నవ్వింది. నవ్వి, బట్టలారేసే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. ఒక నెలకి భయపడి బాల్యమంతా దుప్పటి ముసుగులో పడుకున్న మనిషికి ఎవరి మీద కోపం రావాలి? ఆమెకి అందరి మీదా వచ్చింది.

సభ ఆమెని వెలివేసి అప్పటికి నాలుగేళ్ళు. పెద్ద నేరమే చేసింది లెండి. బ్రోనా వాళ్ళమ్మ పోతే క్యాథలిక్కుల చర్చికి వెళ్ళి చివరి బెంచీలో కూచుంది. ఎవరో చూశారు. సభ పెద్దలు ముగ్గురు టై కట్టుకుని వచ్చి, పశ్చాత్తాపపడమన్నారు. "తోటి మనిషి ఏడుస్తుంటే పక్కన కూచున్నందుకా?" అంది లోర్నా. ఆ ఆదివారం ఆమె పేరు చదివి, ఇక మనకి చచ్చినదానితో సమానం అన్నారు. ఆమెతో మాట కలపకూడదు, ఎదురైతే పలకరించకూడదు. నాలుగు వీధులవతల ఉన్న కన్నతల్లి మర్టిల్ కూడా అందరితో పాటు తలూపింది. ఒకసారి మందుల షాపు వరసలో తల్లి ముందు, కూతురు వెనక పది నిమిషాలు నిలబడ్డారు. మర్టిల్ మెడ తిరగలేదు.

ఇప్పుడు ఆవిడ ఇల్లు అమ్మేసి, శనివారం ఓడెక్కి స్కాట్లాండులో చిన్న కూతురు హిల్డా దగ్గరికి వెళ్ళిపోతోంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి మళ్ళీ రాదు. ఈ కబురు లోర్నాకి మాంసం కొట్టువాడు చెప్పాడు. ఇవాళ గురువారం, అక్టోబరు ముప్పై ఒకటి, హాలోవీన్. అమ్మ తనతో ఒక్క మాట మాట్లాడాలి. లోర్నాకి కావలసింది అంతే, ఒక్క మాట.

దారి ఒక్కటే ఉంది. హాలోవీన్ సాయంత్రం సభవాళ్ళంతా దీపాలార్పేసి వెనక గదుల్లో కూచుంటారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మర్టిల్ మాత్రం తలుపు తీస్తుంది. ముసుగులేసుకుని వచ్చిన పిల్లలకి ఒక టాఫీ, ఒక కరపత్రం చేతిలో పెట్టి, తియ్యగా నాలుగు మాటలు చెబుతుంది. పరాయివాళ్ళతో మాట్లాడొచ్చు, వాళ్ళకింకా రక్షణ ఉంది. తెలిసి వదిలిపోయినదానికే మంచినీళ్ళు కూడా పోయకూడదు. అదీ వాళ్ళ ధర్మం.

బ్రోనా వాళ్ళ నాన్న పొడుగు కోటు తొడుక్కుంది లోర్నా. టోపీ పెట్టుకుని, ముఖానికి పాత కిటికీ తెర కట్టుకుంది.

"ఎవరే నువ్వు?" అంది బ్రోనా.

"నవంబరుని."

ఈసారి బ్రోనా నవ్వలేదు. "చూడు లోర్నా, ఆవిడ నీతో మాట్లాడినా, ఆ ముసుగుతో మాట్లాడినట్టే. తర్వాత నా భుజం మీద పడి ఏడవకు," అని, తొమ్మిదేళ్ళ కూతురు ఎయిమర్‌ని తోడిచ్చి పంపింది.

అయిదుంబావుకి వెలుగు పోతోంది. దారంతా ఎయిమర్ ఆట నేర్పుతూనే ఉంది. "గుమ్మంలో పాట చెప్పాలి ఆంటీ. తర్వాత వాళ్ళు మనమెవరో పోల్చాలి. పేరు చెబితే ముసుగు తీసెయ్యాలి, మనం ఓడినట్టు. చెప్పలేకపోతే రెండేసి టాఫీలు."

మర్టిల్ తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది. వెనక గదిలో పెట్టెలు కట్టి ఉన్నాయి.

"రండమ్మా రండి. అబ్బో, ఈ పొడుగాయన ఎవరు? బేరానికొచ్చారా బాబూ? మా ఇంట్లో ఆవుల్లేవే!"

అమ్మ తనతో హాస్యమాడింది. లోర్నా టర్నిప్ దీపం పక్కనున్న పిట్టగోడ మీద పెట్టేసింది. ఎయిమర్ గడగడా పాట అప్పజెప్పింది.

"మరి మీ పాట? పాట లేందే టాఫీ లేదు," అంది మర్టిల్.

ఈ సంగతి లోర్నా ఆలోచించనేలేదు. సభలో పెరిగిన పిల్లకి కీర్తనలు తప్ప పాటలెక్కడివి? నలభై ఒక్కేళ్ళలో ఆమెకి నోటికొచ్చినవి నాలుగే పాదాలు. పడుకోబోయే ముందు చెప్పడానికి మర్టిలే కట్టి కూతుళ్ళకి నేర్పింది. గొంతు మార్చి అవే చెప్పింది.

"దీపంలో నూనె పోశావా?
మోకాళ్ళ మీద వాలావా?
వాకిట లోకం పిలిచిందంటే
తలుపుకు గడియ తీశావా?"

"వేశావా," అంది మర్టిల్ టక్కున. "గడియ వేశావా, మొద్దూ!"

చిన్నప్పుడు లోర్నా ఎప్పుడూ అక్కడే తప్పేది. ఎంత నేర్పినా 'తీశావా' అనే వచ్చేది. నవ్వడమే పాపమనుకునే మర్టిల్ అక్కడ ఆపుకోలేక నవ్వేది. ఆ నవ్వు కోసమే తర్వాత్తర్వాత కావాలని తప్పు చెప్పేది పిల్ల. ఇప్పుడు కావాలని చెప్పిందో, నోరు జారిందో ఆమెకే తెలియలేదు.

మర్టిల్ చేతిలో పళ్ళెం ఒరిగి, ఒక టాఫీ గుమ్మంలో పడింది.

"ఎవరో చెప్పండి!" అని గెంతింది ఎయిమర్. "పేరు చెబితే ముసుగు తీసేస్తారు."

ముసలావిడ ఆ తెర వంక చూసింది. "నాకు తెలీదమ్మా," అంది.

"ఊరికే ఏదో ఒకటి చెప్పండి!"

"చెప్పనమ్మా. ముసుగు ఉండనీ. బావుంది." తర్వాత గొంతు తగ్గించి, తెరతోనే అంది: "శనివారం వెళ్ళిపోతున్నా బాబూ. పదకొండింటి ఓడకి. మోకాలు నొప్పి అలాగే ఉంది. హిల్డా వాళ్ళింట్లో మెట్లు లేవట, అదే నయం. ఆ కోటు గుండీలు పెట్టుకో. మంచు పడుతోంది."

ఒక్క మాట అడిగితే ఇన్ని దొరికాయి. లోర్నా అక్కడితో తిరిగి రావలసింది. బ్రోనా అయినా అదే చెప్పేది. గుడ్డికంటే మెల్ల మేలని సర్దుకునే మనిషయితే ఆరేళ్ళ క్రితం పెద్దల ముందే తల వంచేది. అమ్మ పశువుల బేరగాడితో మాట్లాడుతుంది, నవంబరుతో మాట్లాడుతుంది, కిటికీ తెరతో మోకాలు నొప్పి చెప్పుకుంటుంది. కన్న కూతురు మాత్రం పనికిరాదు.

టోపీ తీసి, తెర లాగేసింది. "నేనమ్మా. పేరు పెట్టి పిలువు. ఒక్కసారి."

మర్టిల్ కళ్ళు ఆమె ముఖం మీద నిలవలేదు. మందుల షాపులో లాగే జారి, ఎయిమర్ మీదికి వెళ్ళాయి.

"ఇదిగో తల్లీ, నీ టాఫీ. ఇదిగో ఇంకోటి. ఈ కాగితం ఇంట్లో పెద్దవాళ్ళకివ్వు, చదువుతారు."

"అమ్మా!"

"పొద్దుపోయింది, జాగ్రత్తగా వెళ్ళు తల్లీ," అని పిల్లకి చెప్పి, తలుపు మూసింది. లోపల గడియ పడింది.

లోర్నా వంగి, గుమ్మంలో పడిన టాఫీ తీసింది. చెయ్యి జేబు దాకా వెళ్ళింది గాని, మళ్ళీ తీసి గడప మీదే పెట్టేసింది. గోడ మీద టర్నిప్ దీపం మాడుకంపు కొడుతోంది. ఎయిమర్ గేటు దగ్గర అరచెయ్యి చాపి చూపించింది.

"రెండిచ్చింది ఆంటీ! పేరు చెప్పలేకపోయిందిగా. మనమే గెలిచాం!"

"అవునే," అంది లోర్నా, కోటు గుండీలు పెట్టుకుంటూ. "మనమే గెలిచాం."