భవాని పంట్లో లక్ష్మణ్

మెట్టుగూడలో భవాని వాళ్లింట్లో పొద్దున్నే చాయ్ ఇద్దరే తాగుతారు. మాటలు మాత్రం ముగ్గురివి వినిపిస్తాయి. చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్‌ను భవాని ఎడమవైపు నమలగానే, ఆమె దవడపంట్లోంచి భర్త లక్ష్మణ్ గొంతు విప్పుతాడు.

"అమ్మా, మోకాలి నొప్పి ఎట్లున్నది?"

"గట్లనే ఉన్నది బిడ్డా," అంటుంది శారదమ్మ, కోడలి చెంప దగ్గరికి చెవి జరిపి.

లక్ష్మణ్ పోయి కొన్నేళ్లయింది. పోయేవాళ్లకు ఆఖరి ముద్దో, ఆఖరి గుక్కో ఎవరు పట్టిస్తే వాళ్ల పంట్లో ఆ గొంతు ఉండిపోతుంది. అందులో వింతేముంది? ఎదురింటి జోగారావు ముందుపంట్లో వాళ్లన్న ఉన్నాడు. ఇద్దరూ ఇప్పటికీ క్రికెట్ గురించి చాయ్ హోటల్లో గొడవపడుతుంటారు.

లక్ష్మణ్‌కు ఆస్పత్రిలో ఆఖరి చెంచా జావ పట్టింది భవానే. అల్వాల్‌లో ఆమె అన్న కుట్టుమిషన్ పెట్టుకోవడానికి గది చూపించి ఎన్నిసార్లు పిలిచినా వెళ్లలేదు. వెళ్లాలని ఆమెకూ ఉండేది. కానీ కొడుకు గొంతు వినకుండా అత్తమ్మ ఎట్లా బతుకుతుంది?

ఒకరోజు పళ్లు తోముతుంటే ఆ పంటి దగ్గర రక్తం వచ్చింది. బ్రష్ తగిలి ఆయనకు దెబ్బ తగిలిందనుకుంది. ఆనాటి నుంచి ఎడమవైపు బ్రష్ ఆనిస్తే ఒట్టు. ఉప్పునీళ్లు పుక్కిలించి ఊరుకునేది. ఎంత ప్రేమో అంత తెలివితక్కువతనం! పళ్లకు గార పట్టింది, చిగుళ్లు ఉబ్బాయి. లక్ష్మణ్ గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు మందగించింది.

"జెర గట్టిగ మాట్లాడు కొడుకా," అని శారదమ్మ బతిమాలేది.

పన్ను కదలడం మొదలయ్యాక ఇద్దరూ చిలకలగూడలో పళ్ల డాక్టర్ ప్రిసిల్లా దగ్గరికి పరుగెత్తారు.

"రక్తం వస్తున్నదని బ్రష్ బంద్ చేసినవా? చిగుళ్లు పాడైతేనే రక్తం వస్తదమ్మా. గప్పుడే ఇంకా మంచిగ తోమాలె, మెత్తటి బ్రష్‌తోని, పన్నూ చిగురూ కలిసేకాడ. అప్పుడే గార తీయించుకుంటే సరిపోతుండె. ఇప్పుడు లోపల ఎముకే కరిగిపోయింది."

"మరి నా కొడుకు?" అంది శారదమ్మ.

డాక్టర్ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉంచలేమమ్మా. ఉంచితే పక్క పళ్లు సుత పోతయి."

పన్ను పీకుతుంటే లక్ష్మణ్ ఏదో అనబోయాడు, సగంలోనే ఆగిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో శారదమ్మ ఆ పన్నును చెవికి ఆనించుకుని కూర్చుంది. పట్నం రొద తప్ప ఏమీ వినిపించలేదు. కోడల్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే భవానికి కొంచెం తేలికయ్యేది.

అప్పటి నుంచి భవాని పొద్దున, పడుకునే ముందు చిగుళ్ల వెంబడి ఓపిగ్గా తోముకుంది. డాక్టర్ రమ్మన్నప్పుడల్లా వెళ్లి గార తీయించుకుంది. రక్తం ఆగింది, చిగుళ్లు గట్టిపడ్డాయి. ఎందుకింత శ్రద్ధో శారదమ్మకు తెలుసు.

వానాకాలంలో శారదమ్మ మంచం పట్టింది. తిండి మానేసింది. భవాని చెంచాతో నీళ్లు తీసుకుని దగ్గర కూర్చుంది.

"తాగు అత్తమ్మా. ఈసారి నా పళ్లు మంచిగున్నయి. నిన్ను పోనియ్య."

"నోరు తెరువు, చూస్త."

భవాని చూపించింది. శారదమ్మ చాలాసేపు చూసి తల ఊపింది.

"మంచిగ చూసుకున్నవు బిడ్డా. కాని ఇది నాకోసం కాదు, నీకోసం చేసుకో. నీ నోట్ల నీ మాటలే ఉండాలె."

చెంచా దగ్గరికి రాగానే పెదాలు బిగించి మొహం తిప్పేసుకుంది. భవాని ఏడ్చింది, కాళ్లు పట్టుకుంది. ముసలామె వినలేదు. వణుకుతున్న చేతులతో గ్లాసు తానే అందుకుంది. సగం నీళ్లు చీర మీద ఒలికాయి. మిగిలినవి ఎవరి సాయమూ లేకుండా గుటకేసింది.

"అల్వాల్ పో," అంది.

గ్లాసు తనే కింద పెట్టి, కోడలి చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది.