యజమాని సంతకం

మా తమ్ముడు సూగురేశ్ పోతనాళలో ఎవరిదో వరి మడి మీద డ్రోన్ కెమెరా ఎగరేస్తూ గట్టు మీదే కూలిపోయాడు. గుండె. దింపేవాళ్లు లేక డ్రోన్ చార్జింగ్ అయిపోయేదాకా పైనే నిలిచి, తర్వాత మడి నీళ్లలో దిగిందట. ఆ రోజు అతను మెమరీ కార్డు వేయడం మరిచాడు. తీసిందంతా యంత్రంలోనే ఉండిపోయింది. ఎగరేసే ముందు రికార్డింగ్ పెట్టి కెమెరాను చొక్కా కొసతో తుడవడం అతనికి అలవాటు. అప్పుడు ముఖం అందులో పడి ఉంటుంది. అందరి పెళ్లిళ్లూ తీసినవాడికి ఆధార్ కార్డులో తప్ప ఫొటో లేదు.

చెన్నైలో బాగుచేసేవాళ్లు చేత్తో తెమ్మన్నారు. బడికి రెండు రోజులే సెలవు దొరికింది కాబట్టి విమానం టికెట్లు కొన్నాను. చిన్నాయన యంకప్ప తోడొచ్చాడు. డ్రోన్‌ను ఆయనే సర్దాడు.

విమానాశ్రయంలో మొదటి కౌంటర్ ఆయన డ్రోన్ లగేజీలో వేయాలన్నాడు. రెండో కౌంటర్ ఆయన లగేజీలో వేయకూడదన్నాడు. రెండు నియమాలూ ఒకే గోడకు పక్కపక్కనే అంటించి ఉన్నాయి. మూడో చోట ఒక అధికారి గుడ్డముక్కతో డ్రోన్‌ను రుద్ది, ఆ గుడ్డను యంత్రంలో పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది.

"దీన్ని దేంట్లో తెచ్చారు?"

"యూరియా సంచిల, సార్," అన్నాడు చిన్నాయన గర్వంగా. "రెండుసార్లు దులిపిన. మా దిక్కు జొన్నలు గూడ అండ్లనే పోస్తం. ఏక్‌దం మజ్బూత్ ఉంటది."

యూరియా అనగానే ఇంకో ఆరుగురు వచ్చారు.

"పేలుడు పదార్థం జాడలున్నాయి."

"వరికేస్తం సార్. ఇన్నేండ్లల్ల ఒక్క మడన్న పేలలే."

అధికారి ఒక ఫారం తీశాడు.

"యజమాని సంతకం కావాలి మేడం. ఎక్కడున్నారు?"

"చనిపోయారు."

ఆయన ఫారం తిరగేసి చూశాడు. "దానికి గడి లేదు. 'హాజరు', 'ప్రయాణంలో ఉన్నారు', రెండే ఉన్నాయి. ప్రయాణంలో అని రాసేయండి."

"రాయి బిడ్డా," అన్నాడు చిన్నాయన మెల్లగా. "అండ్ల అబద్ధమేమున్నది?"

నేను రాయలేదు.

"అయితే దీన్ని ఇక్కడ వదిలి మీరు విమానం ఎక్కండి. లేదంటే తీసుకుని బయటికి వెళ్లండి."

బయటికే వచ్చాం. పేలుడు జాడలున్న వస్తువును నా చేతికే ఇచ్చి, స్టేషన్‌కు బస్సు ఎక్కడ ఆగుతుందో మర్యాదగా చెప్పారు. రైల్లో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. విమానం రెక్కనన్నా ముట్టుకోలేకపోయానని చిన్నాయన చెన్నై దాకా గొణుగుతూనే ఉన్నాడు.

మర్నాడు దుకాణంలో తెర మీద మొదట గీతల చొక్కా గుడ్డ కనిపించింది. అది పక్కకు తొలగింది. తమ్ముడి ముఖం. ఎవరితోనో ఏదో అంటూ నవ్వాడు. డ్రోన్‌లో మాట పడదట. తర్వాత డ్రోన్ లేచి, గట్టు కిందికి జారడం మొదలైంది.

"ఇంకా ఇరవై నిమిషాలుంది మేడం," అంది దుకాణం ఆమె.

"ఆపండి," అన్నాను. "ఎగరక ముందు వరకే ఇవ్వండి."