వ్యానెక్కిన చేతులు

రండర్రా, ముందుకు జరగండి. ఆ గోడకి ఆనుకున్నవాళ్లు కూడా వచ్చి కూర్చోండి. కూర్చుంటేనే మొదలుపెడతాను. ఆఁ, అలాగ.

ఒక వడ్రంగి ఉండేవాడు. ఆయన కూతురికి నడక లేదు, చక్రాల కుర్చీలోనే తిరిగేది. రోజూ పొద్దున్నే వ్యానులో చదువుకి వెళ్లేది. వ్యాను ఊగితే కుర్చీ జరుగుతుంది కదా! అందుకని వడ్రంగి తన చేతులు కూతురితో పంపేవాడు. ఎడమది తనే ఊడదీసుకునేవాడు, కుడిది వాళ్లమ్మ, అంటే పిల్ల నాయనమ్మ, ఊడదీసేది. వ్యానులో అవి కుర్చీ వెనక పిడులు పట్టుకుని వదిలేవి కావు. డ్రైవరు వాటికీ మర్యాదగా తలుపు తీసేవాడు.

ఇంటి దగ్గర వడ్రంగి ముక్కు దురదపెడితే "అమ్మా" అని కేకేసేవాడు.

"ఇక్కడా, ఇంకా పైకా?" అని గోకుతూ ఆవిడ సణిగేది. "ఈ చాకిరీ నలభై ఏళ్ల కిందటే అయిపోయిందనుకున్నాన్రా!"

ఒంటిపూట చదువు కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చారు. చదువు ముగిసింది. పిల్లకి పట్నంలో కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని దొరికింది. పొద్దున వెళ్తే సాయంత్రానికే రాక. అంతసేపు చేతులు పంపితే వడ్రంగి ఉలి పట్టడం మానేయాలి. పంపకపోతే పిల్ల పని మానుకోవాలి.

"నేనే మానేస్తాలే," అన్నాడు నాన్న.

"నువ్వూ మానవు, నేనూ మానను," అంది కూతురు.

వారం రోజులు డ్రైవరు వెంటపడి వ్యాను నేలకి ఇనప పట్టాలు బిగింపజేసి, వాటికి కొక్కేలున్న పట్టీలు పెట్టించింది. మొదటిరోజు తనే దగ్గరుండి చెప్పింది. "ముందు రెండు పట్టీలు, వెనక రెండు. కొక్కేలు చక్రాలకి కాదు మామా, చట్రానికి తగిలించు. కుర్చీ ముందుకే చూడాలి. అవి కుర్చీకి. నాకు వేరే బెల్టు, తుంటి ఎముకల మీదుగా, భుజం మీదుగా."

"లారీలో గడ్డి కూడా ఇంత కట్టలేదమ్మా!"

"గడ్డి తిట్టదు మామా, నేను తిడతాను. ఇంకాస్త బిగించు."

నాన్న మొహం ముడుచుకున్నాడు. "నువ్వు నా కూతురివని ఆ పట్టీకేం తెలుసే?"

"తెలియక్కర్లేదు నాన్నా. పట్టుకుంటే చాలు."

అయినా ఆయన మనసు ఆగలేదు. ఆయన లోపలికి వెళ్లి అడిగితే, నాయనమ్మ కొడుకు చేతులు రెండూ ఊడదీసి కొంగుచాటున తెచ్చి, వ్యాను కిటికీలోంచి జారవిడిచింది. అవి వెళ్లి పిడులు పట్టుకున్నాయి. పిల్ల డ్రైవరు తల దగ్గరి అద్దంలో వాటిని చూసింది. "ఈ ఒక్కరోజుకే," అంది.

మలుపు దగ్గర సిలిండర్ల రిక్షా ఒకటి అడ్డంగా వచ్చేసింది. డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. నాలుగు పట్టీలూ బిగుసుకున్నాయి. కుర్చీ వేలెడు కూడా జరగలేదు. బెల్టు పిల్ల భుజాన్ని పట్టేసింది. చేతులు మాత్రం పిడుల మీంచి జారి, ఆమె చెవి పక్కనుంచి దూసుకెళ్లి ముందు అద్దానికి ఫట్టున కొట్టుకున్నాయి.

ఇంట్లో వడ్రంగి "అబ్బా!" అన్నాడు.

డ్రైవరు వాటిని ఏరి పిల్ల ఒళ్లో పెట్టాడు. కణుపులు గీరుకుపోయాయి. ఆమె వాటిమీద ఊదింది. "ప్రేమ తక్కువై కాదు నాన్నా. ఆ ఊపుని ఏ చెయ్యీ ఆపలేదు."

కుడిచెయ్యి మెల్లగా కిందికి దిగి పట్టీని తడిమింది. తలుపు బిగింపు చూసినట్టు ఒకసారి లాగింది, మళ్లీ లాగింది. తర్వాత డ్రైవరు చేతుల్ని తన పక్క సీట్లో కూర్చోబెట్టి వాటికీ బెల్టు వేశాడు. పిల్ల పావుగంట ముందే పనిలో కూర్చుంది.

మర్నాడు వడ్రంగి చేతులు ఊడదీయకుండానే వ్యానెక్కాడు. నాలుగు కొక్కేలూ తనే తగిలించాడు. వెనక ఎడమది వదులుగా ఉంటే బిగించాడు. ఒకసారి లాగి చూసి దిగాడు.

వ్యాను కదిలింది. పిల్ల అద్దంలోకి చూసింది. నాన్న వాకిట్లో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆమెకి చెయ్యి ఊపడం అదే మొదటిసారి.

ఊఁ, లేవండింక. ఇళ్లలో కంచాలు పెట్టేసుంటారు. పోయి తినండి.